ముందు ఫోన్ స్పీకర్ ఆపండి: ఎదిగిన పిల్లలతో స్నేహం చేసే పద్ధతి

"మేం మా పిల్లలతో ఫ్రెండ్స్‌లా ఉంటామండీ" అని చెప్పే తల్లిదండ్రులు ఈ రోజుల్లో ప్రతి పెళ్లిలోనూ ఇద్దరు ముగ్గురు తగులుతారు. ఆ మాట వినబడినప్పుడు పక్కనే నిలబడిన పిల్ల మొహం చూడండి, అసలు సంగతి తెలిసిపోతుంది. కలిసి సినిమాకి వెళ్లడం, ఒకే రంగు బట్టలు వేసుకుని ఫొటో దిగడం, ఒకరి రీల్‌కి ఒకరు లైక్ కొట్టుకోవడం, ఇవన్నీ సరదాలే కానీ స్నేహానికి గుర్తులు కావు. నా లెక్కలో గుర్తు ఒక్కటే. మీ పాతికేళ్ల కొడుకో కూతురో "వద్దమ్మా", "నేను రాను నాన్నా" అని చెప్పాక మీ ఇంట్లో ఏం జరుగుతుంది? ఏమీ జరగకపోతే, ఆ రాత్రి భోజనాలు మామూలుగా అయిపోయి మర్నాడు మాటలు మామూలుగా నడిస్తే, మీరు స్నేహితులే. అలా కాకుండా అమ్మ రెండు పూటలు అన్నం మానేసి, నాన్న వారం రోజులు ముభావంగా తిరిగి, ఆఖరికి బాబాయి చేత "అమ్మ బాధపడుతోందిరా" అని ఫోన్ చేయించే ఇల్లయితే, అక్కడ ప్రేమ బోలెడంత ఉండొచ్చు, స్నేహం మాత్రం లేదు.

పదహారేళ్లొచ్చిన కొడుకుని మిత్రుడిలా చూడాలని పెద్దవాళ్లు అప్పజెప్పే శ్లోకం ఒకటుంది (కూతురి సంగతి అందులో లేదు, అది వేరే గొడవ). చట్టం పద్దెనిమిదికి మేజర్ అంటుంది. మన ఇళ్లలో ముప్ఫై దాటి ఇద్దరు పిల్లల్ని కన్నవాడు కూడా కారు రంగు దగ్గర్నుంచి నాన్నని అడిగి కొనాలి. కాబట్టి ఇది పిల్లలు నేర్చుకోవాల్సిన విద్య కాదు, మనం నేర్చుకోవాల్సింది. ఇదంతా అమ్మానాన్నల కోసమే రాస్తున్నాను. మాకు ఇద్దరు, అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి డల్లాస్‌లో. మా ఇంట్లోనూ, మా వీధిలోనూ, పొద్దున్నే నాతో వాకింగ్‌కి వచ్చేవాళ్ల ఇళ్లలోనూ చూసినవాటిలో పనికొచ్చినవి చెబుతాను.

ఫోన్ దగ్గర మొదలుపెట్టండి

ఇప్పుడు మన సంబంధం ముప్పావు వంతు ఫోన్‌లోనే ఉంది, అందుకే ముందు అది బాగుచేసుకోవాలి. "తిన్నావా" అని అడగడం మానొద్దు. దాన్ని ఎగతాళి చేసేవాళ్లున్నారు గానీ అది పలకరింపు, పిల్లలకీ ఆ సంగతి తెలుసు. ఇబ్బందల్లా దాని వెనకాల వచ్చే విచారణతోనే. ఏం కూర, ఎవరు వండారు, మళ్లీ బయట నుంచి తెప్పించావా, ఎంతయింది... ఇంక నాలుగో ప్రశ్నకి అవతల నుంచి "మీటింగ్ ఉందమ్మా" అని వస్తుంది. మీటింగ్ లేదని మనకీ తెలుసు. దీనికి మందేమిటంటే, ముందు మీ కబురు చెప్పండి. "ఇక్కడ అందరం క్షేమం" అనేది కబురు కాదు. మోటారు కాలిపోయి రెండు రోజులు ట్యాంకర్ నీళ్లు పోయించుకున్నామని చెప్పండి, కింద వాటా వాళ్లు ఖాళీ చేస్తున్నారని చెప్పండి, రైతుబజారులో నీ లెక్కల మాస్టారు కనబడి ముసలాయన అయిపోయాడని చెప్పండి. వినడానికి ఏదైనా దొరికితే వాళ్లే మెల్లగా తమ సంగతుల్లోకి వస్తారు.

టైము చూసుకోండి. డల్లాస్‌కీ మనకీ వేసవిలో పదిన్నర గంటల తేడా, నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పాక పదకొండున్నర. మనం భోంచేసి తీరుబడిగా రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే వాళ్లకి తొమ్మిదిన్నరో ఎనిమిదిన్నరో, పిల్లల్ని స్కూల్లో దింపి ఆఫీసు మొదలుపెట్టే హడావుడి. "ఎప్పుడు చేసినా విసుక్కుంటుంది" అని మనం బాధపడుతూ ఉంటాం. మాకు కుదిరింది శనివారం పొద్దున ఏడున్నర, వేసవిలో అది వాళ్లకి శుక్రవారం రాత్రి తొమ్మిది. ఊళ్లోనే ఉన్న పిల్లలకైనా సరే, ముందు "మాట్లాడొచ్చా" అని ఒక మెసేజ్ పెట్టండి, చెప్పాపెట్టకుండా వీడియో కాల్ చేయకండి. ఇంకోటి, వాట్సాప్‌లో లాస్ట్ సీన్ చూసి "రాత్రి రెండింటికి మేలుకుని ఏం చేస్తున్నావు" అని ఒక్కసారి అడిగారంటే మర్నాటి నుంచి మీకు లాస్ట్ సీన్ కనబడదు, దాచడానికి వాళ్లకి అర నిమిషం చాలు.

ఇక స్పీకర్. మనలో చాలామందికి ఫోన్ రాగానే స్పీకర్ నొక్కే అలవాటు, చెవి సరిగా వినబడకో, ఆయన కూడా వింటారనో. గదిలో పిన్ని ఉంటుంది, పనమ్మాయి ఉంటుంది, తోటికోడలు కందిపప్పు ఏరుతూ ఉంటుంది, అవతల పిల్ల మాత్రం అమ్మ ఒక్కతే వింటోందనుకుని మేనేజర్‌తో గొడవో, అత్తగారితో మాటపట్టింపో చెప్పేస్తుంది. మధ్యలో పిన్ని "అయ్యో, అలా అన్నదటే" అంటుంది. ఆ ఒక్క మాటతో ఆర్నెల్ల నమ్మకం పోతుంది. స్పీకర్ పెట్టక తప్పకపోతే మొదటి మాటగా "స్పీకర్‌లో ఉన్నావు, పిన్ని కూడా ఉంది" అనండి. ఇంత చిన్న పని ఎన్ని ఇళ్లలో జరగదో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

దాంతో పాటే రహస్యాలు. పిల్లలు అమ్మకి చెబుతారు, అమ్మ నాన్నకి చెబుతుంది, నాన్న తమ్ముడికి "ఎవరితోనూ అనకు" అంటూ చెబుతాడు, సాయంత్రానికి విశాఖపట్నంలో ఉన్న పెద్దమ్మ నేరుగా ఆ పిల్లకే ఫోన్ చేసి ఓదారుస్తుంది. స్నేహితుడి దగ్గర మాట ఆగుతుంది, అదే తేడా. అందుకని వినడం అయ్యాక అడగండి: "ఇది నాన్నకి చెప్పొచ్చా?" వద్దంటే వద్దు. మొగుడూ పెళ్లాల మధ్య దాపరికం ఏమిటని కొందరికి కోపం రావచ్చు, నేనైతే ప్రాణానికో లక్షల డబ్బుకో సంబంధించినదైతే దాచలేనని ముందే చెబుతాను, మిగతావి నా దగ్గరే ఉంటాయి. ముఖ్యంగా జీతం. చుట్టాలెవరైనా మీ వాడికి ప్యాకేజీ ఎంత అంటే "బాగానే వస్తోందండీ" అనండి, ఆ అంకె మీది కాదు.

సలహా ఒక్కసారి

కొడుకు స్థిరమైన ఉద్యోగం మానేసి ఎవరో స్నేహితుడి స్టార్టప్‌లో చేరతానంటాడు. మీకు గుండె జారిపోతుంది. అప్పుడు మీ భయమంతా, కారణాలతో సహా, గట్టిగానే చెప్పండి, ఒక్కసారి. రెండోసారి చెబితే అది సాధింపు, మూడోసారి మీ నంబరు చూసి ఫోన్ పక్కన పెట్టేస్తాడు. ఆ తర్వాత ఆ కంపెనీ మూతపడినా సరే "నేను అప్పుడే చెప్పానా" అనే వాక్యం మీ నోటి నుంచి రాకూడదు. నిజానికి రానక్కర్లేదు, అది వాడికి మనకంటే ముందే గుర్తొచ్చి ఉంటుంది.

అటువైపు నుంచి కూడా సలహా రావాలి. మనం పిల్లల్ని అడిగేదల్లా ఫోన్‌పే పనిచేయడం లేదనో, టీవీ రీఛార్జి అయిపోయిందనో. స్థలం అమ్మాలా వద్దా, చీటీ పాడాలా ఆగాలా, మోకాలి ఆపరేషన్ ఇప్పుడు చేయించుకోవాలా అనే పెద్ద విషయాల్లో మాత్రం "నీకు తెలియదులే". పెద్ద విషయం ఒకటి అడిగి, వాళ్లు చెప్పింది విని, నచ్చితే అలాగే చేసి చూడండి. మాట తీరు మారిపోతుంది.

ఒక్క విషయంలో ఈ స్నేహం మనవైపు నుంచి సగమే ఉండాలి. మీ ఆయన మీద కోపం, మీ ఆవిడ మీద విసుగు పిల్లల దగ్గర వెళ్లగక్కకండి. మీకు ఆయన మొగుడు, వాళ్లకి నాన్న. విన్నాక వాళ్లు ఎటు నిలబడాలి? కొడుకు దగ్గర కోడలి మీద ఫిర్యాదు కూడా అంతే, "ఊరికే చెబుతున్నాలే" అన్నా సరే. అవి చెప్పుకోవడానికి మీ ఈడువాళ్లు ఉండాలి. లేకపోతే సంపాదించుకోండి. భజన మండలో, పార్కులో నడిచేవాళ్లో, పాత ఆఫీసువాళ్లో, ఎవరైనా సరే. వేరే స్నేహితులు లేని తల్లిదండ్రులే పిల్లల మీద ఎక్కువ బరువు వేస్తారని నేను గమనించాను.

పెళ్లి మాట

చాలా స్నేహాలు తెగేది ఇక్కడే. అన్నీ చెప్పుకునే కూతురు ఇరవై ఆరు దాటాక ఫోన్ ఎత్తడం తగ్గించిందంటే, ప్రతి ఫోన్ చివరా ఒక సంబంధం వస్తోందని అర్థం. ఆ మాటకి విడిగా ఒక రోజు పెట్టుకోండి, నెలకోసారి అనుకోండి, మిగతా ఫోన్లలో ఎత్తొద్దు. చదవడానికి తేలిగ్గానే ఉంటుంది, పక్కింటివాళ్ల శుభలేఖ చేతిలో ఉన్న రోజు చేసి చూడండి. వాళ్లని అడగకుండా ఫొటో, బయోడేటా పెళ్లిళ్ల పేరయ్యకి గానీ వాట్సాప్ గ్రూపులకి గానీ పంపకండి, ఒకసారి గ్రూపులో పడ్డ ఫొటో ఎవరెవరి ఫోన్లలో ఉందో ఇక ఎవరికీ తెలియదు. బయోడేటా వాళ్లచేతే రాయించండి. మనం రాస్తే నక్షత్రం, పాదం, మేనమామల ఉద్యోగాలు అన్నీ వస్తాయి, ఆ పిల్లకి ఏమిష్టమో రాదు.

ఇక వాళ్లే వచ్చి "ఒక మాట చెప్పాలి" అని ఎదురుగా కూర్చునే రోజు ఉంటుంది. ఆ మొదటి పది నిమిషాల్లో మీరన్న మాటలు వాళ్లు ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా అప్పజెబుతారు. ముందు ఆ అబ్బాయి పేరు అడగండి, ఇంటిపేరు అడగకండి. ఇంటిపేరు ఎందుకు అడుగుతున్నారో పిల్లలకి ఎప్పుడో తెలుసు. ఎలా పరిచయం, ఏం చేస్తాడు, కోపం వస్తే ఎలా ఉంటాడు, నీకు అతనిలో నచ్చిందేమిటి, ఇవి అడగండి. లోపల మంట పుడుతుంటే "నాకు రెండు రోజులు టైమివ్వు, ఇప్పుడేమీ అనను" అని లేచి వెళ్లిపోండి, అందులో తప్పులేదు. రెండు రోజుల తర్వాత కూడా ఇష్టం లేకపోతే లేదనే చెప్పండి, కారణం కులమే అయితే కులమనే చెప్పండి, జాతకం కుదరలేదని సాకు పెడితే వాళ్లు ఇంకో జ్యోతిష్యుణ్ణి తెచ్చుకుంటారు. ఇష్టం లేదని చెప్పే హక్కు స్నేహితులకీ ఉంటుంది. "నా శవం మీద నుంచి వెళ్లు" అనే హక్కు ఎవరికీ లేదు. చట్టప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండితే మన అనుమతి అక్కర్లేదు, అక్కర్లేకపోయినా మన ముందు కూర్చుని చెబుతున్నారంటే ఎంత నమ్మకం ఉండి చెబుతున్నారో ఆలోచించండి.

డబ్బు, ఆస్తి

ఇచ్చేటప్పుడే ఇది అప్పా, ఊరికే ఇచ్చిందా అనేది తేల్చి చెప్పండి. ఫ్లాట్ డౌన్ పేమెంట్‌కి పది లక్షలు ఇచ్చి, తర్వాత వాళ్ల ఇంట్లో సోఫా ఎటు వేయాలో కూడా మీరే చెబుతుంటే అది వడ్డీ వసూలు చేయడమే. అప్పయితే కాగితం మీద రాసుకోండి, మొహమాటం పడొద్దు.

మీరుండే ఇల్లు ప్రేమకొద్దీ ఇప్పుడే పిల్లల పేర రాసేయకండి. చేతిలో ఏమీ లేని తల్లి కూతురికి "వద్దు" అని చెప్పలేదు, అప్పుడు స్నేహం అటు నుంచి చచ్చిపోతుంది. రాయక తప్పదంటే మమ్మల్ని చూసుకోవాలనే షరతు ఆ పత్రంలోనే పెట్టించండి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉంది, అలాంటి షరతుతో ఇచ్చిన ఆస్తిని పిల్లలు మాట తప్పితే ట్రైబ్యునల్‌కి వెళ్లి రద్దు చేయించుకోవచ్చు. వీలునామా అయితే తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది. ఏది రాసినా కొడుకునీ కూతుర్నీ ఒకేసారి కూర్చోబెట్టి చెప్పండి. "దానికి పెళ్లిలో ఇచ్చేశాం కదా" అనే మాట మీద విడిపోయిన అన్నాచెల్లెళ్లు మా వీధిలోనే ఉన్నారు. హిందూ కుటుంబాల్లో పిత్రార్జితంలో కూతురికి సమాన వాటా అనే చట్టం మన దగ్గర కొత్తదేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి, 1985 సెప్టెంబరు నుంచే ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చింది.

వాళ్లింటికి వెళ్లినప్పుడు

టికెట్ కొనకముందే అడగండి, ఎప్పుడు రావాలో, ఎన్నాళ్లుండాలో. అమెరికా విజిటర్ వీసా మీద మామూలుగా ఆర్నెల్లు ఉండనిస్తారని ఆర్నెల్లూ ఉండి తీరాలని లేదు. వంటింట్లో పోపుల డబ్బా సర్దొద్దు, కోడలు కాదు కూతురైనా సరే. వాళ్లు సంక్రాంతికి నాలుగు రోజులు ఇంటికి వస్తే నాలుగు రోజులూ చుట్టాలిళ్లకి తిప్పకండి, ఒక పూట నిద్రపోనివ్వండి.

చివరగా మన ఒంటి సంగతి. "వాడు టెన్షన్ పడతాడు" అని ఆస్పత్రిలో చేరినా చెప్పరు, డిశ్చార్జి అయ్యాక ఎవరో చెబితే తెలుస్తుంది. తర్వాత మనమే "పిల్లలు మాకేమీ చెప్పరు" అంటాం. షుగర్ ఎంతుందో, డాక్టరు ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి. రిపోర్టులు, ఇన్సూరెన్స్ కాగితాలు, బ్యాంకు నామినీ వివరాలు ఒక ఫైల్లో పెట్టి ఆ ఫైలు బీరువాలో ఏ అరలో ఉందో ఇద్దరికీ చెప్పండి. తాళం ఎక్కడ పెడతారో కూడా, ఎందుకంటే మా వారితో సహా అది చాలామంది చెప్పరు.