ఏఐ చెప్పింది చేసే ముందు

2024 మేలో గూగుల్ ఏఐ, పిజ్జా మీద చీజ్ జారకుండా సాస్‌లో 1/8 కప్పు జిగురు కలపమంది. దాని మూలం అప్పటికి 11 ఏళ్ల కిందట రెడిట్ అనే చర్చా వెబ్‌సైటులో ఎవరో సరదాకి రాసిన కామెంట్.

• ఏఐ జవాబు పక్కనున్న లింకు నొక్కి అసలు పోస్టు తెరవండి. తేదీ చూడండి. కింది కామెంట్లూ చదవండి, తప్పును సరిదిద్దేది తరచూ అక్కడే ఉంటుంది.

• లైకులు లెక్కలోకి తీసుకోవద్దు. జోకులకూ బాగానే పడతాయి.

• మూడు లింకులున్నా, ఒకే పోస్టును ఎత్తిరాసినవి కావచ్చు.

• పురుగుమందు మోతాదు అసలే నమ్మొద్దు. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతంలోనూ, 30.5 శాతంలోనూ దొరుకుతుంది. పోస్టు పెట్టినాయన ఏది కొట్టాడో రాయకపోతే ‘లీటరుకు ఇన్ని మి.లీ.’ అన్న లెక్క మీ పైరును మాడ్చవచ్చు. డబ్బా మీది లేబులే చూడండి.

• బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కార్డు వెనక ఉన్నదే వాడండి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.