వానాకాలం అంచనా చూసి విత్తనం కొనే ముందు

ఏటా ఏప్రిల్ నడిమిలో భారత వాతావరణ శాఖ నైరుతి రుతుపవనాల మీద తొలి అంచనా చెబుతుంది, మే నెలాఖరులో దాన్ని సవరిస్తుంది. మర్నాడు పేపర్లో "ఈసారి సాధారణ వర్షపాతం" అని పెద్దక్షరాలతో వస్తుంది. ఇక విత్తనాల షాపుల దగ్గర హడావిడి మొదలు. తొందరపడకూడనిది అక్కడే.

ఆ అంకె దేశం మొత్తానిది, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు నెలలకూ కలిపినది. 1971 నుంచి 2020 వరకు తీసిన సగటు 87 సెంటీమీటర్లు. అందులో 96 నుంచి 104 శాతం మధ్య పడితే సాధారణం, 90 శాతానికి తగ్గితే లోటు. ఏప్రిల్ అంచనా అయిదు శాతం, మే అంచనా నాలుగు శాతం అటూ ఇటూ కావచ్చని ఆ శాఖే చెబుతుంది. మీ మండలంలో ఏ వారం పడుతుంది, మధ్యలో ఎన్నాళ్లు ఎండగొడుతుంది అన్నవి ఆ అంకెలో ఉండవు. రైతుకు కావాల్సినవేమో అవే.

2023 సంగతే చూడండి. ఏప్రిల్‌లో 96 శాతం అన్నారు, చివరికి 94 శాతం పడింది. అంచనాకు వంక పెట్టలేం. కానీ జూలై ఆఖరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన కుమ్మరించింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తం మీద 36 శాతం లోటుతో 1901 తర్వాత అన్నిటికన్నా పొడి ఆగస్టుగా రికార్డుకెక్కింది. 2009లో దేశంలో 78 శాతమే పడింది, అంటే ఘోరమైన కరవు. జూన్-సెప్టెంబర్ లెక్క సెప్టెంబర్ 30తో ముగిసింది, అక్టోబర్ 2న కర్నూలు నగరం నీట మునిగింది.

అందుకే మొత్తం ఎంత పడుతుందన్నది చివర చూడాల్సిన అంకె అంటాను. బెట్టకూ ముంపుకూ ఒకే సీజన్‌లో సిద్ధపడటమే ఇప్పుడు చేయాల్సిన పని.

దీని వెనుక పెద్ద కథ ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. పట్టుకున్నది వదిలినప్పుడు ఒక్కసారిగా వదులుతుంది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024 భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికన్నా దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువ. మన దేశంలోనూ 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత వేడి సంవత్సరం లేదు. మధ్య భారతంలో విశాల ప్రాంతాన్ని ముంచే అతి భారీ వర్షాలు 1950 నుంచి 2015 నాటికి మూడు రెట్లయ్యాయని పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు. ఏడాది మొత్తం వాన పెద్దగా మారకపోయినా అది పడే తీరు మారుతోంది.

ఎల్ నినో పేరు వినగానే టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు. పసిఫిక్ సముద్రం నడుమ నీళ్లు వేడెక్కితే మన రుతుపవనాలు బలహీనపడే అవకాశం ఎక్కువ, నిజమే. కానీ 1997లో గట్టి ఎల్ నినో ఉన్నా దేశంలో సగటుకు కాస్త ఎక్కువే పడింది. ఎల్ నినో అంటున్న ఏడాది బెట్టకు ఎక్కువగా సిద్ధపడండి, సాగు మానుకోనక్కర్లేదు.

మొదటి పని: బోరును మే నెలలోనే కొలవండి

బోరు కింద సాగు చేసేవాళ్లు అక్టోబర్‌లో పోసే నీళ్లు చూసుకుని యాసంగికి ఎకరాలు లెక్కేస్తారు. కొలవాల్సింది మేలో, నీటిమట్టం అడుగంటినప్పుడు. అప్పుడు తేలేదే మీ బోరుకు కనీస బలం.

కొలవడం కష్టమేమీ కాదు. మోటారు వేసిన వెంటనే కొలిస్తే బోరులో నిలిచి ఉన్న నీళ్లే వచ్చి లెక్క తప్పుతుంది. రెండు గంటలు నడిచాక పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, సెల్‌ఫోన్‌లో టైం చూడండి. నిండటానికి 80 సెకన్లు పట్టిందనుకుందాం. అంటే సెకనుకు రెండున్నర లీటర్లు, గంటకు 9 వేల లీటర్లు. రోజుకు ఏడు గంటలు నడిపితే 63 వేలు.

ఇక ఖర్చు వైపు రండి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరు పరవాలంటే 4 వేల లీటర్ల పైచిలుకు కావాలి. వరి మడిలో ఎండకు పోయేది, నేలలోకి ఇంకేది కలిపి రోజుకు 10 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి 40 వేల లీటర్లు. పైన చెప్పిన బోరు ఎకరంన్నర వరిని మించి మోయలేదు, ఇసుక పాలు ఎక్కువున్న నేలైతే అదీ కష్టమే. మూడెకరాలు నాటి, సగంలో ఇంకో బోరు వేయించి అప్పులపాలైన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అదే నీటితో మొక్కజొన్నో కూరగాయలో డ్రిప్ కింద రెట్టింపు విస్తీర్ణంలో వస్తాయి. నీళ్లు ఆగి ఆగి పోస్తుంటే మోటారు ఆపేయండి, నీళ్లు లేకుండా నడిస్తే కాలిపోతుంది.

తొలకరికి విత్తే ముందు

2025లో రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. ఆ నెలలోనే రెండు తెలుగు రాష్ట్రాల్లోకీ వచ్చేశాయి. తీరా చూస్తే మే 29 నుంచి జూన్ 16 దాకా అడుగు ముందుకు పడలేదు. తొందరపడి పొడి దుక్కిలో పత్తి గింజ పెట్టినవాళ్లు ఆకాశం వంక చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. రుతుపవనాలు రాష్ట్రంలోకి వచ్చాయన్నది టీవీ వార్త. మీ చేలో పదునైందా లేదా అన్నది వేరే లెక్క.

పత్తికి తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వర్షం పడ్డాకే విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. మండల కేంద్రంలో పడిన వాన మీ చేలో పడాలని లేదు. నిలువు గోడలు, సమంగా ఉన్న అడుగు కలిగిన డబ్బా ఒకటి చెట్లకు దూరంగా ఖాళీ జాగాలో పెట్టండి. వాతావరణ శాఖ లాగే పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలుతో కొలిచి, గోడ మీదో క్యాలెండర్ మీదో రాసుకోండి. ఆ తర్వాత చేలో నాలుగు చోట్ల తవ్వి చూడండి. తడి జానెడు లోతుకు దిగి, మట్టి పిడికిట్లో ముద్దయితే పదునైనట్టు. పైపైన రెండంగుళాలు తడిసిన నేలను నమ్మి విత్తితే గింజ మొలకెత్తి, అయిదో రోజుకు మాడిపోతుంది.

"ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదు" అన్నారు పెద్దలు. ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో వస్తుంది. పత్తికి జూలై నడిమి వరకు టైం ఉంది కాబట్టి ఇప్పటికీ ఆ మాట మే నెల ముసురును నమ్మడం కన్నా మేలు.

డబ్బంతా మొదటి విత్తుకే పెట్టేయకండి. రెండోసారి విత్తాల్సి వస్తే విత్తనానికి, దుక్కికి అయ్యే ఖర్చు పక్కన ఉంచుకోండి. రెండోసారి విత్తడానికి అప్పు చేసినప్పుడే చాలామంది వడ్డీలో కూరుకుపోతారు. వరిలో సాంబ మసూరి 145 నుంచి 150 రోజులు తీసుకుంటుంది, ఎంటీయూ 1010 నాలుగు నెలల్లో చేతికొస్తుంది. నీళ్ల మీద అనుమానం ఉన్న ఏడాది ఈ నెల రోజుల తేడాయే పంటను గట్టెక్కిస్తుంది. అనంతపురం లాంటి చోట్ల ఆగస్టు నడిమికి కూడా వేరుశనగ పడకపోతే పట్టుదలకు పోవద్దు. ఉలవ, కొర్ర, అలసంద వైపు మళ్లండి. వాన ఎంత ఆలస్యమైతే ఏ పంట అని జిల్లాల వారీగా హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (CRIDA) ప్రణాళికలు తయారు చేసి పెట్టింది. మీ వ్యవసాయ అధికారిని అడగండి.

మధ్యలో రెండు వారాలు వాన లేకపోతే గుంటుక తోలి పై మట్టి కదిలిస్తే తడి ఆరడం తగ్గుతుంది. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా గానీ 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ గానీ కలిపి పిచికారీ చేస్తే మొక్క కొంత తట్టుకుంటుంది. నీటి గుంట ఉంటే ఆ నీళ్లు దాచుకోవాల్సింది ఈ రోజుల కోసమే.

కాలువ కింద ఉన్నవాళ్లకు

మిర్యాలగూడలో నారు పోయాలా వద్దా అన్నది నల్గొండ వాన చెప్పదు, మహారాష్ట్ర పడమటి కనుమలు చెబుతాయి. అక్కడ పడితే ఆల్మట్టి, నారాయణపూర్ నిండి జూరాలకు వస్తుంది. జూరాల నుంచి శ్రీశైలం, ఆ తర్వాతే సాగర్. కాబట్టి జూలైలో సాగర్ మట్టం కన్నా ఆల్మట్టి ఇన్‌ఫ్లో చూడటం తెలివైన పని. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే 8.64 టీఎంసీ. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, నిల్వ దాదాపు 312 టీఎంసీ. ఈ రెండు అంకెలు గుర్తుంటే ఇంకెన్ని రోజులకు కాలువ వదులుతారో మీరే అంచనా వేసుకోవచ్చు. అధికారికంగా నీటి విడుదల ప్రకటించేదాకా నారు మాత్రం పోయకండి.

కుండపోతకు ముందే

ఊరి చెరువు అలుగు జూన్ మొదట్లోనే చూడాలి. అలుగు దారిలో తుమ్మలు, చెత్త ఉంటే తీయించండి. చేపల కోసం అలుగుకు అడ్డంగా కట్టిన వలలు, రాళ్లు ఉంటే ఊరి పెద్దలు మొహమాటం వదిలి తీయించాల్సిందే. కట్ట వెనుక తడి మరకో, బుంగో కనబడితే వాన రోజు దాకా ఆగకండి. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే కిందివన్నీ వరసగా తెగుతాయి. 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు కింది ఊళ్లకు దొరికిన టైం చాలా తక్కువ.

రోజువారీ హెచ్చరికల్లో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే వెంటనే కదలమని. పిడుగులకు దామిని, పంటల సలహాకు మేఘదూత్ యాప్‌లు ఫోన్‌లో ఉంచుకోండి. ఫలానా తేదీన తుఫాను అని నెల ముందే చెప్పే వాట్సాప్ మెసేజ్‌లను పక్కన పెట్టండి. పది రోజులు దాటితే ఏ తేదీన ఏమవుతుందో గట్టిగా చెప్పగల విద్య ఎవరి దగ్గరా లేదు.

వాగు దాటడం గురించి ఒక్క మాట. పారే నీళ్లు అడుగు లోతుంటే చిన్న కారును తోసేస్తాయి, రెండడుగులుంటే చాలా బండ్లు కొట్టుకుపోతాయి. రోజూ దాటే కల్వర్టే కదా అనుకుంటారు, కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైకి కనబడదు.

చేలో నీళ్లు నిలిస్తే పత్తికి రెండు రోజులే గడువు అనుకోండి. ముందే సాళ్ల వాలుకు కాలువలు తీసి ఉంచితే నీళ్లు తమంతట తామే పోతాయి. తీసేశాక లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొక్క మొదళ్లలో పోస్తే వేరుకుళ్లు తగ్గుతుంది.

నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకు అసలు వాన అక్టోబర్ తర్వాతే. జూన్ అంచనాతో వాళ్లకు పెద్దగా పని లేదు, ఈశాన్య రుతుపవనాల అంచనా చూసుకోవాలి. మిగతావాళ్లకు అదే సమయంలో కోతలు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన వరి పనల మీదే తడిసి మొలకెత్తింది. కోత మిషన్‌కు అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే టార్పాలిన్లు తెచ్చి పెట్టుకోండి. తుఫాను వార్త వచ్చాక అద్దెకు కూడా దొరకవు.