డిపోలో మాటతీరు – 4వ పాఠం: ‘చెక్డ్, ఓకే’

బస్సులో ఏ లోపమున్నా డ్రైవర్ల చేత లాగ్‌షీట్‌లో (బండి లోపాలు రాసే కాగితం) రాయించమని 3వ పాఠంలో చెప్పాం. రాయించారు. నెల తిరక్కుండానే డ్రైవర్లు రాయడం మానేశారని గ్యారేజీ సూపర్‌వైజర్ల గోల. మానేస్తారు మరి. కింద మెకానిక్ జవాబులు చూడండి: ప్రతిదానికీ ‘చెక్డ్, ఓకే’. షీట్ నింపే పద్ధతి మళ్లీ చెప్పను, ఈసారి ఆ రెండు మాటల సంగతే.

‘బ్రేక్ వేస్తే బండి ఎడమకు లాగుతోంది’ అని డ్రైవర్ రాశాడనుకోండి. మెకానిక్ ఎడమ ముందు చక్రం చూస్తాడు, ఏమీ కనబడదు, ఓకే కొడతాడు. కానీ బండి లాగేది బ్రేకు గట్టిగా పట్టే వైపుకి. లోపం చాలాసార్లు కుడి చక్రంలో ఉంటుంది: హబ్ సీల్ (చక్రం మధ్యలోని గ్రీజు బయటికి రాకుండా ఆపేది) కారి లైనర్‌కు (డ్రమ్మును పట్టే బ్రేకు పట్టీకి) గ్రీజు అంటి ఉంటుంది, బ్రేకు బిగువు సరిచేసే స్లాక్ అడ్జస్టర్ వదులై ఉంటుంది, లేదా గాలి ఒత్తిడితో బ్రేకు వేయించే బ్రేక్ చాంబర్‌లోని డయాఫ్రం (రబ్బరు పొర) గాలి వదిలేస్తూ ఉంటుంది. రెండు వైపులా చాంబర్ నుంచి బయటికి వచ్చే కడ్డీ, అంటే పుష్‌రాడ్, కదలిక కొలిచి పోల్చాలి. బ్రేకు వేయకపోయినా లాగుతుంటే ముందు టైర్లలో గాలి చూడండి.

ఇవేవీ చూడకుండా ‘ఓకే’ రాసి మర్నాడు అదే బండి ఇస్తే, తనను అబద్ధాలకోరు అన్నారనే ఆ డ్రైవర్ అనుకుంటాడు. ఇక రాయడు. బండ్లు కేటాయించే కంట్రోలర్‌ను బతిమాలి వేరే బండి తీసుకుంటాడు. లోపమున్న బండి ఏమీ తెలియని స్పేర్ డ్రైవర్ చేతికి పోతుంది. ఆగస్టు 15న ఇచ్చే ప్రశంసాపత్రం దీన్ని సరిచేయదు.

జవాబు ఇలా ఉండాలి: ‘కుడి ముందు హబ్ సీల్ లీకు. సీల్, రెండు వైపుల లైనర్లూ మార్చాం. టెస్ట్ డ్రైవ్‌లో లాగడం లేదు.’ స్పేర్ పార్టు లేకపోతే లేదనే రాయండి, ఎప్పటికి వస్తుందో కూడా. బ్రేకు, స్టీరింగ్ లోపమైతే మాత్రం బండి గేటు దాటకూడదు. రాశాక డ్రైవర్‌కు ఎదురుగా చెప్పండి. వాట్సాప్ మెసేజ్ నా లెక్కలో చెప్పినట్టు కాదు.

కేఎంపీఎల్ (లీటరు డీజిల్‌కు బండి నడిచే కిలోమీటర్లు) తగ్గిందని డ్రైవర్‌ను అడిగే పూటే బ్రేకు సంగతి ఎత్తకండి, అతను చెప్పేది సాకులా వినిపిస్తుంది. నిజానికి బ్రేకు వదలకుండా పట్టేసి ఉంటే కేఎంపీఎల్ పడిపోతుంది. బ్రేకు డ్రమ్ము వేడెక్కిందేమో చూశాకే కేఎంపీఎల్ గురించి అడగండి.

అభ్యాసం: గత 30 రోజుల షీట్లలో ‘ఓకే’ రాసినవన్నీ బండి నంబరు వారీగా పేర్చండి. ఒకే బండిపై ఇద్దరు డ్రైవర్లు ఒకే లోపం రాసి ఉంటే ఎర్ర సిరాతో సున్న చుట్టి, ఆ బండి ఆపి, మళ్లీ విప్పించండి. ఏం దొరికిందో ఆ ఇద్దరికీ తర్వాతి డ్యూటీ ఎక్కేలోపు చెప్పండి. ఏమీ దొరక్కపోతే డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లండి.