స్మాల్ క్యాప్ ఫండ్ ఎంచుకునేటప్పుడు దాని సైజు కూడా చూడండి

చాలామంది మూడేళ్ల రిటర్న్ ఒక్కటే చూసి స్మాల్ క్యాప్ ఫండ్‌లో (చిన్న కంపెనీల షేర్లు కొనే మ్యూచువల్ ఫండ్) సిప్, అంటే నెలనెలా కట్టే పెట్టుబడి, మొదలుపెడుతున్నారు. ఆ రిటర్న్ వచ్చినప్పుడు ఫండ్ దగ్గర ఎంత డబ్బుంది, ఇప్పుడు ఎంతుంది అన్నది కూడా దయచేసి చూడండి.

ఎందుకో చిన్న లెక్కలో చెబుతాను. ఫండ్‌లో 40,000 కోట్లు ఉన్నాయనుకుందాం. ఒక కంపెనీలో 1 శాతం పెట్టాలంటే 400 కోట్లు కావాలి. కానీ ఆ కంపెనీ మొత్తం విలువే 3,000 కోట్లయితే? ఓటు హక్కున్న షేర్లలో 10 శాతానికి మించి ఒక ఫండ్ హౌస్ (ఫండ్లను నడిపే సంస్థ) కొనకూడదన్నది మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం. అంటే అన్ని స్కీములూ కలిపినా 300 కోట్లే గరిష్ఠం. అందుకే మేనేజర్ ఇంకా ఎక్కువ కంపెనీల షేర్లు కొంటాడు, లేదా కాస్త పెద్ద కంపెనీల వైపు జరుగుతాడు. మనం కొన్న ఫండ్ తీరే మెల్లగా మారిపోతుంది. 2023 జూలైలో నిప్పాన్ ఇండియా స్మాల్ క్యాప్ ఫండ్ కొత్త లంప్‌సమ్ (ఒకేసారి పెట్టే) పెట్టుబడులు ఆపింది, సిప్‌లను మాత్రం పరిమితితో అనుమతించింది.

లార్జ్ క్యాప్, ఇండెక్స్ ఫండ్లకు ఈ టెన్షన్ పెద్దగా లేదు. సైజు పెరిగితే ఖర్చు తగ్గే అవకాశమూ ఉంటుంది.

2024 మార్చి నుంచి మిడ్, స్మాల్ క్యాప్ ఫండ్లు స్ట్రెస్ టెస్ట్ ఫలితాలు ప్రతి నెలా ఇస్తున్నాయి. పోర్ట్‌ఫోలియోలో 25 శాతం, 50 శాతం అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుందో అందులో ఉంటుంది. మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘం యాంఫీ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఆ రోజులు నెలనెలా పెరుగుతుంటే, కొత్త సిప్ వేరే చిన్న ఫండ్‌లో మొదలుపెట్టడం నాకు మేలనిపిస్తుంది. పాతది కంగారుపడి అమ్మేయక్కర్లేదు.