భవనంలో గాలి దారులు – పాఠం 4: ఫైర్ డ్యాంపర్

పోయిన పాఠంలో ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి ఫ్యానుతో పంపే యంత్రం) నుంచి గదులకు డక్టు, అంటే గాలి వెళ్లే రేకు గొట్టం, గీశాం. ఈసారి ఆ డక్టు గోడ దాటే చోటు చూద్దాం.

రెండు గంటలు మంటను ఆపాల్సిన గోడకు కంత పెట్టి రేకు డక్టు దూరిస్తే, ఆ గోడ ఇక దేన్నీ ఆపదు. మంట వచ్చినప్పుడు ఆ కంతను మూసేదే ఫైర్ డ్యాంపర్. అందులో కంతకు అడ్డుపడే రేకును బ్లేడు అంటారు. మూసుకున్న బ్లేడు గోడ మందంలోనే ఉండాలి. అడుగు ఇవతల డక్టులో బిగిస్తే, వేడికి డక్టు వంగి ఊడినప్పుడు డ్యాంపర్ కూడా దాంతోపాటే పడిపోతుంది. సైట్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

బ్లేడును తెరిచి పట్టుకునేది ఫ్యూజిబుల్ లింకు: టంకంతో అతికించిన రెండు చిన్న లోహపు రేకులు. సాధారణంగా 72 డిగ్రీల దగ్గర టంకం కరుగుతుంది, రేకులు విడిపోతాయి, స్ప్రింగు బ్లేడును మూసేస్తుంది. లింకుకు పెయింటు తగిలినా, ఎవరైనా బైండింగ్ వైరు చుట్టినా అది పనికిరాదు.

తిరుపతిలో ఐదంతస్తుల లాడ్జి అనుకోండి. నిలువు షాఫ్టులోకి డక్టు వెళ్లే ప్రతి చోటా, స్లాబు దాటే చోటా, ఏహెచ్‌యూ గది గోడలో సప్లయి (గదులకు వెళ్లే గాలి), రిటర్న్ (తిరిగి వచ్చే గాలి) డక్టులు రెండింటికీ డ్యాంపర్ కావాలి. జాతీయ భవన నియమావళి 2016 ప్రకారం కారిడార్‌ను, మెట్ల దారిని రిటర్న్ గాలికి వాడకూడదు. ఖర్చు తగ్గుతుందని ఎవరన్నా ఒప్పుకోకండి.

పొగ చల్లారుతూ వస్తే 72 డిగ్రీలు చేరకపోవచ్చు, లింకు కదలదు. దర్శనానికి వచ్చి అలసి నిద్రపోయేవాళ్లను ముందు చంపేది ఆ పొగే. అందుకే లాడ్జిలో స్మోక్ డిటెక్టర్‌కు కలిపిన మోటారు డ్యాంపరే మంచిది. అలారం రాగానే ఏహెచ్‌యూ ఫ్యాను కూడా ఆగాలి. కరెంటు పోయినా స్ప్రింగుతో మూసుకునే రకమే తీసుకోండి.

పరీక్ష ఇలా: ఏహెచ్‌యూ ఆపండి. డక్టు తలుపు తెరిచి, చేతులు బ్లేడు దారిలో లేకుండా లింకు విప్పండి. బ్లేడు చివరిదాకా మూసుకోవాలి. మధ్యలో ఆగితే గాడిలో సిమెంటు పెళ్లలు, లోపలికి పొడుచుకొచ్చిన స్క్రూలు వెతకండి. తిరిగి అదే డిగ్రీల లింకు వేయండి. ఫాల్స్ సీలింగ్‌లో మనిషి చెయ్యి పట్టే తలుపు లేకపోతే ఈ పరీక్ష ఎవరూ చేయరు, కాబట్టి డ్రాయింగులోనే దాన్ని చూపించండి.

అభ్యాసం: మీ పాఠం 3 డ్రాయింగులో డ్యాంపర్ చోట్లన్నీ గుర్తించండి. వంటగది పొగ డక్టును వదిలేయండి; జిడ్డు పట్టే ఆ డక్టుకు పద్ధతి వేరు, పాఠం 5లో చూద్దాం.