మృగశిరకు ముందే: పాత లారీ, చెక్క బాడీ బండి విప్పేవారికి జాగ్రత్తలు

రోహిణి కార్తె నడుస్తోంది. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు ఇళ్ల దొడ్లలో పాత లారీలు, జీపులు విప్పుకుని కూర్చున్నవాళ్లకి ఎండ మిగిలింది కొద్ది రోజులే. మామూలుగా జూన్ రెండో వారానికి దక్షిణ ఒడిశాలో వాన పడుతుంది. అందుకే ముందుగా ఒక మాట: వానలోపు మళ్లీ మూయలేనిది ఇప్పుడు విప్పకండి. ఇంజన్ పని షెడ్డులో ఎప్పుడైనా చేసుకోవచ్చు. డాలా (సరుకు వేసే వెనక తొట్టి), ఫ్లోరు పలకలు, క్యాబిన్ పైకప్పు మాత్రం ఇప్పుడు ఊడదీస్తే దసరా దాకా తడుస్తూనే ఉంటాయి.

అన్నిటికన్నా భయపడాల్సింది చక్రానికి. 1954 నుంచి 1969 దాకా టాటాలు జర్మనీ బెంజ్‌తో కలిసి చేసిన లారీల్లో, ఆ కాలపు ఇతర లారీల్లో టైరును పట్టి ఉంచేది లాక్ రింగు. ట్యూబులో గాలి ఉండగా ఆ రింగు జారితే మనిషి బతకడు. చక్రం ఇంకా ఇరుసు మీద ఉండగానే వాల్వ్ లోపలి పిన్ను తీసేసి గాలంతా వదిలేయండి. వాల్వ్ కన్నం మూసుకుపోయిందేమో తీగ పెట్టి చూడండి. జంట చక్రాలైతే రెండింటికీ గాలి తీశాకే నట్లు వదులు చేయాలి. తుప్పు తిన్న రింగును సుత్తితో కొట్టి సరిచేసి మళ్లీ వాడొద్దు. ఒక రకం రిమ్ముకి వేరే రకం రింగు అసలు వేయొద్దు. చూడటానికి సరిపోయినట్టే ఉంటుంది, ప్రమాదమంతా అక్కడే. గాలి నింపడం ఇంట్లో చేసే పని కాదు. చక్రాన్ని లోపల పెట్టి గాలి నింపే ఇనుప పంజరం ఉన్న టైరు షాపుకి తీసుకెళ్లండి. ఎక్కడ నింపినా పొడవాటి పైపు పెట్టించి, రింగు ఎదురుగా ఎవరూ లేకుండా చూడండి. ముఖ్యంగా పిల్లలు.

జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఎండకి గట్టిపడిన దొడ్డి నేల మొదటి వానకే మెత్తబడి జాకీ ఒరిగిపోతుంది. కింద మందపాటి పలక పరిచి, ఛాసిస్ కింద స్టాండ్లు గానీ గట్టి కర్ర దిమ్మలు గానీ పెట్టాకే లోపలికి దూరండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు ముందు చెప్పకుండా పగులుతాయి, వాటిని నమ్మకండి.

పెట్రోలు ట్యాంకు ఏళ్ల క్రితమే ఖాళీ అయిందని వెల్డింగ్ పెట్టించకండి. నిండు ట్యాంకు కన్నా ఆవిరి మిగిలిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. డీజిల్ ట్యాంకూ పేలుతుంది. ట్యాంకుని బండి నుంచి దించి, ఆ పనే చేసే మేస్త్రికి ఇవ్వండి. బండి మీద ఎక్కడ వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. తడి నేల మీద వెల్డింగ్ సెట్టు, గ్రైండరు వాడొద్దు. ఇంటి లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) లేకపోతే అది పెట్టించాకే పని మొదలెట్టండి.

పాత రంగులో సీసం ఉంటుంది. ఇళ్ల రంగుల్లో సీసానికి 2017 నుంచి పరిమితి వచ్చింది గానీ, మీరు గీకుతున్నది అంతకు ఎంతో ముందు వేసిన పూతలు. పొడిగా గ్రైండరు పెట్టకండి, వాటర్ పేపరుతో తడిపి రుద్దండి. ఆ మడ్డి బావి వైపు పోనివ్వొద్దు. ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోవద్దు. పాత బ్రేక్ షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి గాలి కొట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. హార్డెనర్ కలిపే రంగుల ఆవిరిని గుడ్డ మాస్కు ఆపలేదు. ఆ పని పెయింట్ బూతుకి వదిలేయండి.

ఇక చెక్క. చెక్క బాడీలో కర్ర అలంకారానికి కాదు, బరువు దానిమీదే ఉంటుంది. 1953 నుంచి 1971 దాకా ఇంగ్లండులో తయారైన మోరిస్ మైనర్ ట్రావెలర్ కారు వెనక భాగమంతా యాష్ అనే చెట్టు కర్ర చట్రమే, అది పుచ్చితే అక్కడి ఏటా తనిఖీలో బండి ఫెయిలయ్యేది. మన డాలాల నిలువు కర్రలకీ అదే న్యాయం వర్తిస్తుంది. విప్పే ముందే తలుపు ఖాళీల్లో అడ్డంగా, ఏటవాలుగా పట్టీలు బిగించండి. లేకపోతే చట్రం వంగి, మళ్లీ తలుపు పట్టదు. బోల్టు చుట్టూ, నిలువు కర్రల అడుగున స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడండి. పుచ్చు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. ఊడదీసిన ముక్క ఎంత పుచ్చినా కొత్తది బిగించేదాకా పారేయొద్దు, వడ్రంగికి కొలత అదే.

పచ్చి కర్ర వేయించకండి. తేమ మీటరులో 15 శాతం దాటితే వార్నిష్ ఆపండి. చెదకీ పురుగుకీ బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టించవచ్చు, కానీ వాన తగిలితే కారిపోతుంది కాబట్టి ఆరాక పైన రంగు తప్పదు. కోసిన కొసలకి రెండు పూతలు ఎక్కువ వేయండి, నీళ్లు పీల్చేది అవే. బరకం కప్పితే చెక్కకి అంటకుండా కర్రల మీద ఎత్తి కట్టండి. అంటితే లోపలే చెమ్మపట్టి బూజొస్తుంది.

చెక్కకి పూసే అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని మూల ఉండగట్టి పారేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నిప్పురవ్వ కూడా అక్కర్లేదు. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ల డబ్బాలో ముంచి మూత పెట్టండి.

టేకు గానీ సాల్ గానీ శ్రీకాకుళం నుంచి తెచ్చుకుంటున్నా, ఇక్కడి నుంచి అటు పంపుతున్నా అటవీ శాఖ ట్రాన్సిట్ పర్మిట్ ఉండాలి. బాడీ కొలతలు పెంచాలన్నా, ఇంజన్ మార్చాలన్నా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గుర్తుంచుకుని ముందే ఆర్టీవో దగ్గర అడగండి. సొంత వాడకపు కారు, జీపు 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉంటే, 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. రూపం మార్చేస్తే ఆ అవకాశం పోతుంది. అందుకే మార్పుల కన్నా ఉన్నదాన్ని నిలబెట్టడమే మేలని నా అభిప్రాయం.

అక్టోబరునీ లెక్కలో పెట్టుకోండి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, రెండూ ఆ నెలలోనే. షెడ్డు రేకుల హుక్ బోల్టులు ఇప్పుడే బిగించుకోండి.

చాన్నాళ్లుగా నిలబడ్డ బండి సీటు కింద, టూల్ బాక్సులో పాములు, తేళ్లు చేరతాయి. ముందు కర్రతో తట్టి, టార్చి వేసి, తర్వాతే చెయ్యి పెట్టండి. కట్లపాము కాటుకి నొప్పి, వాపు దాదాపు ఉండవు, ఏం కాలేదని ఆగొద్దు. గాటు పెట్టడం, తాడు బిగించడం వద్దు. కరిచిన చెయ్యో కాలో కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి, పాము విషానికి మందు ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లండి.