కార్బన్ డాట్లు మొరాయిస్తే

సిట్రిక్ ఆమ్లాన్ని, ఇథిలీన్‌డైఅమీన్‌ను నీటిలో కలిపి, టెఫ్లాన్ గిన్నె ఉన్న ఆటోక్లేవ్‌లో (మూత బిగించే పీడన పాత్రలో) 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఐదు గంటలు ఉంచితే గోధుమరంగు ద్రవం వస్తుంది. అతినీలలోహిత దీపం కింద అది నీలంగా వెలిగితే నైట్రోజన్ డోపింగ్ జరిగిన (నైట్రోజన్ పరమాణువులు చేరిన) కార్బన్ డాట్లు, అంటే కాంతినిచ్చే నానో కార్బన్ కణాలు, చేతికొచ్చాయని సంబరపడతాం. చిక్కులు అక్కడే మొదలవుతాయి.

సమస్య: ఉత్తేజన తరంగదైర్ఘ్యం (మనం వేసే కాంతిది) ఎంత మార్చినా ఉద్గారం (తిరిగొచ్చే వెలుగు) 440 నానోమీటర్ల దగ్గరే ఉంటోంది, క్వాంటమ్ దిగుబడి (పీల్చిన ఫోటాన్లలో వెలుగుగా తిరిగొచ్చే వాటా) మాత్రం నమ్మలేనంత ఎక్కువ.

అనుమానించాల్సింది డాట్లను కాదు, వాటితో పాటు పుట్టిన చిన్న అణువులను. ఈ రెండు పదార్థాల చర్యలో ఐపీసీఏ అనే అణువు ఏర్పడుతుంది. డాట్ల అవసరం లేకుండా అది ఒంటరిగానే గాఢమైన నీలికాంతి ఇవ్వగలదు. సిట్రిక్ ఆమ్లం, యూరియా జంటలోనూ సిట్రజినిక్ ఆమ్లం తరహా అణువులు ఇదే పని చేస్తాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చుక్కలు కనిపించినంత మాత్రాన వెలుగు వాటిదే అని తేలదు.

0.22 మైక్రాన్ల ఫిల్టరుతో వడకట్టి, 1000 డాల్టన్ల డయాలిసిస్ సంచిలో (అంతకంటే చిన్న అణువులనే బయటికి వదిలే పొర) పోసి, నీళ్లు మారుస్తూ రెండు రోజులు ఉంచండి. బయటి నీటిని పారబోయవద్దు. సంచి లోపలి ద్రవంతో పాటు ఆ బయటి నీటి ప్రతిదీప్తిని (కాంతి వేస్తే వచ్చే వెలుగును) కూడా కొలవండి. వెలుగులో ఎక్కువ భాగం బయటికి వచ్చేసిందంటే దొంగ దొరికినట్టే. డయాలిసిస్ తర్వాత దిగుబడి పడిపోతే దిగులు వద్దు, రాయాల్సిన అంకె అదే. డాటు ఉపరితలానికి రసాయన బంధంతో అతుక్కున్న అణువులు మాత్రం సంచిలోంచి పోవు. సిలికా కాలమ్ మీద విడదీసినా అవి డాట్లతోనే వస్తాయి.

సమస్య: గాఢత పెంచితే వెలుగు తగ్గుతోంది.

ద్రావణం తన వెలుగును తానే మింగుతోంది. ఉత్తేజన తరంగదైర్ఘ్యం దగ్గర శోషణ 0.1 దాటకుండా పలచబరచండి. దిగుబడికి ప్రమాణంగా వాడే క్వినైన్ సల్ఫేటుకూ (0.1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 0.54) ఇదే నియమం.

సమస్య: 350 నానోమీటర్ల కాంతితో ఉత్తేజపరిస్తే 397 దగ్గర సన్నని శిఖరం.

అది నీటి రామన్ పరిక్షేపణం, అంటే నీటి అణువులు తరంగదైర్ఘ్యం మార్చి చెదరగొట్టిన కాంతి. 340కి మార్చితే 384 దగ్గరికి జరుగుతుంది. దీన్ని చూసి ‘ఉత్తేజనతో మారే ఉద్గారం’ అని రాసేవారు లేకపోలేదు. ఉత్త నీటి వర్ణపటాన్ని తీసివేస్తే సరి.

సమస్య: ఫెర్రిక్ (ఇనుము) లవణం కలపగానే వెలుగు ఆరిపోతోంది.

ఇనుమును పసిగట్టే సెన్సర్ తయారైందని తొందరపడకండి. ఫెర్రిక్ అయాన్లు 300 నానోమీటర్ల పరిసరాల్లో గట్టిగా శోషిస్తాయి, ఆ తోక 350 దాటి కూడా సాగుతుంది. డాట్లకు అందాల్సిన కాంతిని అవే తీసుకుంటాయి. ముందు శోషణకు సవరణ చేసి, ఆపైన ప్రతిదీప్తి జీవితకాలం (ఉత్తేజం ఆగాక వెలుగు నిలిచే సమయం) కొలవండి. ఫాస్ఫేట్ బఫర్ మాత్రం వాడవద్దు, ఇనుము అవక్షేపంగా దిగిపోతుంది.

సమస్య: ఎలక్ట్రోడుకు డాట్లు పూశాక చక్రీయ వోల్టామెట్రీలో (వోల్టేజిని చుట్లుగా ముందుకూ వెనక్కూ తిప్పుతూ కరెంటు కొలిచే పరీక్ష) ఫెర్రీసయనైడ్ శిఖరాలు పెరగకపోగా కుంగిపోయాయి.

ముందు డాట్లు పూయని ఖాళీ గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడును పరీక్షించండి. 0.1 మోలార్ పొటాషియం క్లోరైడులో శిఖరాల మధ్య దూరం ఆదర్శంగా 59 మిల్లీవోల్టులు. వంద దాటితే 0.05 మైక్రాన్ల అల్యూమినా పొడితో మళ్లీ పాలిష్ చేయాలి. అది బాగుంటే విద్యుదావేశం సంగతి చూడండి. డాట్ల మీది కార్బాక్సిల్ సమూహాలు, అంటించడానికి వాడిన నాఫియాన్ అనే పాలిమర్, ఫెర్రీసయనైడ్ అన్నీ ఋణావేశం గలవే. వికర్షణ సహజం. ధనావేశం ఉన్న హెక్సాఅమ్మీన్ రుథేనియంతో అదే పరీక్ష చేస్తే తేడా తెలుస్తుంది. నాఫియాన్ లేకుండా పూస్తే మరో తంటా: డాట్లు నీటిలో కరిగేవి కాబట్టి చుట్టు చుట్టుకూ శిఖరం తరిగిపోతుంది.

వోల్టేజి ఋణ దిశలో కొత్త శిఖరం వస్తే దాన్ని పిరిడినిక్ నైట్రోజన్ (డాట్ల కార్బన్ వలయంలో చేరిన నైట్రోజన్) ఖాతాలో వేసే ముందు ద్రావణంలోకి ఇరవై నిమిషాలు నైట్రోజన్ వాయువు పంపండి. మాయమైతే అది కరిగి ఉన్న ఆక్సిజన్ పని.

సమస్య: ఆమ్లంలో హైడ్రోజన్ విడుదల పరీక్ష చేస్తుంటే చుట్టు చుట్టుకూ ఉత్ప్రేరణ మెరుగవుతోంది.

కౌంటర్ ఎలక్ట్రోడు (కరెంటు వలయాన్ని పూర్తిచేసే రెండో ఎలక్ట్రోడు) ప్లాటినమా? అది కొద్దికొద్దిగా కరిగి మీ డాట్ల మీద పేరుకుంటోంది. గ్రాఫైట్ కడ్డీ పెట్టి, కొత్తగా పాలిష్ చేసిన ఎలక్ట్రోడుతో మొదటి చుట్టు నుంచి మళ్లీ తీయండి. పాత గ్రాఫులు పక్కన పడేయాల్సిందే.